రానివాళ్ల పేర్లు రాసుకో నాయనా

తిరుపతి

చి॥ అబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ పీజీ పట్టా చేతికొచ్చాక చెన్నై ఉద్యోగం వద్దనుకుని, సత్యవేడు వైపు యానాది గిరిజనుల కాలనీలున్న పీహెచ్‌సీ కోరుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. నాకైతే ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. మీ అమ్మకు నచ్చజెప్పే పని నాకు వదిలెయ్. ముప్పై ఏళ్లు పీహెచ్‌సీల్లో పనిచేసినదాన్ని, నీకు చెప్పాల్సింది వేరే ఉంది.

నా మొదటి పోస్టింగు పుంగనూరు దగ్గర ఒక పల్లెలో. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మధ్యాహ్నానికి ఎనభై, తొంభై మంది ఓపీ అయ్యేది. వచ్చినవాళ్లందర్నీ చూసే పంపేదాన్ని, నా ఊళ్లు నా చేతిలో ఉన్నాయని నమ్మేదాన్ని. ఎస్సీ కాలనీ నుంచి ఒక మనిషి వచ్చేవాడు, టీబీ. అప్పట్లో నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి పంపేవాళ్లం. రెండు నెలలకు దగ్గు తగ్గింది, ఒళ్లు తేరుకుంది, ఇటుకల బట్టీ పనికి తమిళనాడు వెళ్లిపోయాడు. నాలుగు నెలల తర్వాత మళ్లీ దగ్గుతూ వచ్చాడు. వరసలో ఇరవై మంది నిలబడి ఉండగా అతన్ని గట్టిగా తిట్టాను. ‘నీ ప్రాణం నీకే అక్కర్లేదా’ అన్నాను. అతను తల వంచుకుని చీటీ తీసుకుని పోయాడు. మళ్లీ రాలేదు. రాలేదని నేను గమనించనే లేదు, ఎందుకంటే నా ముందు రోజూ ఎనభై మంది ఉన్నారు. ఏడాది తిరిగాక అతని భార్య దగ్గుతూ వచ్చింది. అతను పోయాడని అప్పుడు తెలిసింది.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది చూడు, దేశంలో టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా 1948లో మొదలైంది అక్కడే. అంత పాత టీబీ ఆస్పత్రికి అంత దగ్గర్లో ఉండి కూడా ఆ మనిషి మందు అందక పోలేదు, నా నోటికి భయపడి పోయాడు. ఆ రోజు సాయంత్రం ఒక నోటుబుక్కు కొన్నాను. అందులో వచ్చినవాళ్ల పేర్లు కాదు, రావాల్సి ఉండీ రానివాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాను. నువ్వూ మొదటి రోజే ఒకటి కొనుక్కో.

జూలియన్ ట్యూడర్ హార్ట్ సంగతి నువ్వు చదివే ఉంటావు. వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని కార్మికుల ఊళ్లో ఫ్యామిలీ డాక్టరు. ఎక్కడ వైద్యం ఎక్కువ అవసరమో అక్కడే అది తక్కువ దొరుకుతుందని 1971లో రాసింది ఆయనే. అందరూ ఆ మాటను గుర్తుపెట్టుకున్నారు, నాకు మాత్రం ఆయన చేసిన పని ఎక్కువ నచ్చింది. జబ్బుతో వచ్చినవాళ్లకే కాదు, ఊళ్లోని పెద్దవాళ్లందరికీ ఒక్కొక్కరినీ వెతికి బీపీ చూశాడు. బాగున్నామని ఇంట్లో కూర్చున్నవాళ్లలోనే బీపీ ఎంత దాగి ఉందో ఆ ఒక్క ఊరితో అర్థమైంది. నీకు సూపర్ స్పెషాలిటీ లేదని ఎవరైనా చిన్నచూపు చూస్తే బాధపడకు. ఊరంతటినీ ఇంటి పేర్లతో సహా ఎరిగి ఉండడం నీ స్పెషాలిటీ.

యానాదులు ఎందుకు రారో నువ్వే పోయి అడుగు. నాకు దొరికిన జవాబులు చెప్తాను. ఒక పూట ఓపీలో కూర్చుంటే ఆ రోజు కూలి పోతుంది. తిరుగు బస్సు దాటిపోతుంది. చీటీ రాసేచోట ‘ఆధార్ ఏదీ’ అని గదమాయిస్తారు, వాళ్లలో చాలామందికి అది ఉండదు, ఉన్నా ఏ రెడ్డి గారి ఇంట్లోనో అప్పు కింద పడి ఉంటుంది. బట్టలు బాగాలేవని బెంచీ మీద కూర్చోనివ్వరు. ఈ ఆఖరిది నీ పీహెచ్‌సీలో జరగకుండా చూడడం నీ చేతిలోనే ఉంది. నీ సిబ్బందిని అందరి ముందూ మందలించకు. నువ్వు లేచి వెళ్లి ఆ ముసలామెను చెయ్యి పట్టుకుని తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టు. రెండుసార్లు చేస్తే మూడోసారి అటెండరే చేస్తాడు. వారంలో ఒక సాయంత్రం ఓపీ కాలనీలోనే పెట్టు, కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చే వేళకి. ఆశా కార్యకర్తను వెంట తీసుకెళ్లు, కానీ ఆమె కాలనీ మనిషేనా, ఊళ్లో మనిషా కనుక్కో. ఊళ్లో మనిషైతే ఆ గుమ్మాల్లోకి అడుగుపెట్టదేమో, ముందు అది చూసుకో.

వలస పోయేవాళ్ల సంగతి మరీ ముఖ్యం. బట్టీలకు, రొయ్యల గుంటలకు, మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలకు పోతారు. పోయేముందు చెప్పమని అడిగితే చెప్తారు, తిట్టవని నమ్మకం కుదిరితేనే. బీపీ, సుగరు మాత్రలు రెండు మూడు నెలలకు కట్టి ఇవ్వు. కవరు మీద పొద్దున మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి గీయి. టీబీ వాళ్లకైతే పోయే ఊరి దగ్గరి ఆస్పత్రికి నువ్వే ఫోన్ చేసి అప్పగించు. టీబీ రోగులకు తిండికని ప్రభుత్వం నెలకు ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి 500 కాదు, 1000 రూపాయలు. అది బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఖాతా లేని మనిషికి ఖాతా తెరిపించడం కూడా వైద్యమే అనుకో. ఆ డబ్బు చిన్నదని తీసిపారేయకు. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలోని మిగతావాళ్లకు తిండి సరుకులు ఇచ్చి చూస్తే వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో తేలింది. ఆ బట్టీ మనిషి భార్య నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

పాము కాటు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓర్చుకో. యానాదులు ఎలుకలు పట్టేది పొలం గట్ల బొరియల్లో, పడుకునేది నేల మీద. రాత్రి పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తే, కనురెప్పలు వాలుతుంటే, కాటు గుర్తు ఎక్కడా కనబడకపోయినా కట్లపాము అనుకునే చూడు. అసిడిటీ సూది వేసి పంపించిన చోట్లు నాకు తెలుసు. రక్తపింజరకు ఇరవై నిమిషాల పరీక్ష చాలు: రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి ఒక్కసారి వంచు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. గొట్టం గాజుదే కావాలి, ప్లాస్టిక్‌ది పనికిరాదు, సబ్బుపొడితో కడిగిందీ పనికిరాదు. కడిగిన గొట్టంతో తప్పు జవాబు వస్తుందని నీ ల్యాబ్ టెక్నీషియన్‌కు మొదటి వారమే చెప్పు. విరుగుడు మందు మొదటి మోతాదు పది వయల్స్ (చిన్న సీసాలు), పిల్లలకైనా పెద్దలకైనా ఒకటే, ఎందుకంటే పాము పిల్లాడని విషం తగ్గించి కక్కదు. ఆ మందు ఒంటికి పడకపోతే ఇవ్వడానికి అడ్రినలిన్ సూదిలోకి ఎక్కించి పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టు. ప్రతి నెలా ఒకటో తేదీన వయల్స్ నువ్వే లెక్కపెట్టు, ఫార్మసిస్టు చెప్పిన లెక్క నమ్మకు. కాలనీలో దోమతెరలు పంచినప్పుడు చాప కిందికి దోపుకోమని చెప్పు, కట్లపాము నుంచి కూడా అది కాపాడుతుంది.

ఎముక విరిగితే మనవాళ్లు పుత్తూరు కట్టుకు, అదే నాటువైద్యుల ఎముకల కట్టుకు పోతారు. తరతరాల నమ్మకం అది, వాదించి గెలవలేవు, గెలవాల్సిన పని కూడా లేదు. రెండే మాటలు చెప్పు: ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే, వేళ్లు చల్లబడి నీలంగా మారితే ముందు నా దగ్గరికి రండి, తర్వాత ఎక్కడికైనా పొండి. ఆ రెండూ అందరూ గుర్తుపెట్టుకుంటారు.

సత్యవేడు వైపు సగం మాటలు అరవమే, కాస్త నేర్చుకో. ఆడవాళ్లు తెల్లబట్ట సంగతి నీతో చెప్పరు, ‘నడుం నొప్పి సామీ’ అంటారు. నర్సమ్మను (ఏఎన్ఎంను) పక్కన ఉంచుకుని తీరిగ్గా అడుగు.

తిరుపతి పెద్దాస్పత్రి రుయాకు పంపేటప్పుడు ఊరికే చీటీ ఇచ్చి పంపకు. పల్లె మనిషికి ఆ ప్రాంగణంలో ఏ బిల్డింగు ఎక్కడో తెలియక సాయంత్రానికి తిరిగొచ్చేస్తాడు. తిరుపతిలో మన చుట్టాలు ఇంతమంది ఉన్నారు, నేనూ ఉన్నాను. ఎవరిని పంపినా నాకు ఫోన్ చెయ్యి, గేటు దగ్గర నిలబడి తీసుకెళ్తాను. మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి.

నీ ఆరోగ్యం గురించి ఒక్క మాట. సెలవులు పూర్తిగా వాడుకో, జీతం గురించి సిగ్గుపడకు. పేదల మధ్య పనిచేస్తున్నానని పేదగా బతకాల్సిన పనిలేదు. మూడు నెలల్లో అన్నీ మార్చేయాలని రాత్రింబవళ్లు పరిగెత్తి, ఏడాదికే బదిలీకి అర్జీ పెట్టుకున్న మంచి పిల్లల్ని చాలామందిని చూశాను. కాలనీవాళ్లు నిన్ను నమ్మడానికే రెండేళ్లు పడుతుంది. మొదటి ఏడాది వాళ్లు నిన్ను ‘కొత్త డాక్టరు’ అనే అంటారు.

నా పాత నోటుబుక్కు ఈ కవర్లోనే పెడుతున్నాను, అట్ట ఊడిపోయింది, జాగ్రత్త. మొదటి పేజీలో మొదటి పేరు ఆ బట్టీ మనిషిది. చేరే తేదీ ఖాయం కాగానే చెప్పు. మీ అమ్మను వెంటబెట్టుకుని సత్యవేడు బస్సెక్కుతాను. నీ ఓపీ గది తర్వాత చూపిద్దువులే, ముందు కాలనీకి తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ