11 ఏళ్ల బాబుతో సెక్స్ గురించి ఎలా మాట్లాడాలి? నా అనుభవం

మీ బాబుకి ఇప్పుడే చెబితే లేనిపోని ఆలోచనలు వస్తాయేమోనని, చెప్పకపోతే ఫ్రెండ్స్ దగ్గరో ఫోన్లోనో ఏం నేర్చుకుంటాడోనని భయంగా ఉందని రాశారు. ఈ రెండు భయాలూ నేనూ పడ్డాను. మా పాపకి ఇప్పుడు 17, బాబుకి 13.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. బాబుకి 8 ఏళ్లప్పుడు టీవీలో వార్తలు వస్తుంటే "అమ్మా, రేప్ అంటే ఏంటి?" అని అడిగాడు. గబుక్కున చానల్ మార్చేసి "అవన్నీ నీకెందుకు, హోంవర్క్ చేసుకో" అని కసిరాను. వాడు మారు మాట్లాడలేదు. రెండు మూడు నెలల తర్వాత తెలిసింది, అదే మాట తనకంటే పెద్ద పిల్లాడిని అడిగితే వాడు ఫోన్లో ఏదో వీడియో చూపించాడని. అది కూడా నాకు చెప్పలేదు, అక్కకి చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు చూసినందుకు కాదు. అంత భయపడి కూడా నా దగ్గరికి రాలేదే అని.

మర్నాడు బట్టలు మడతపెడుతూ వాడిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఆ రోజు నువ్వు అడిగితే ఎలా చెప్పాలో తెలియక తిట్టేశాను. తప్పు నాదే. ఇప్పుడు చెప్తాను" అన్నాను. వాడు ఒక సాక్స్ జత విప్పి మళ్లీ చుడుతూ, తల ఎత్తకుండానే "మళ్లీ తిడతావనుకున్నా" అన్నాడు. ఒక మనిషి వద్దంటున్నా బలవంతంగా వాళ్ల శరీరం మీద చెయ్యి వేసి హింసించడం రేప్ అని, అది పెద్ద నేరమని, తప్పు ఎప్పుడూ చేసినవాళ్లదేనని చెప్పాను. ఆ వీడియో నటించి తీసినదని, నిజంగా ఇష్టపడే మనుషులు ఒకరితో ఒకరు అలా ఉండరని కూడా చెప్పాను. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టలేదు. ఆ ఐదు నిమిషాల కోసం నేను నెలల తరబడి తప్పించుకు తిరిగాను.

అందుకే, మీరు ఎప్పుడైనా దాటేసిన ప్రశ్న ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఆలస్యమైందని వదిలేయకండి.

చెబితే చెడిపోతారన్న భయం పక్కన పెట్టేయొచ్చు. యునెస్కో, ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు 5 ఏళ్ల నుంచే వయసుకు తగ్గట్టు చెప్పమంటాయి. సరిగ్గా చెప్పినందువల్ల పిల్లలు తొందరపడరని కూడా అందులో స్పష్టంగా ఉంది.

మీవాడి వయసుకి శరీరం గురించి చెప్పడం అర్జెంటు. మగపిల్లల్లో మార్పులు మామూలుగా 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. వృషణాలు పెరగడం, వెంట్రుకలు రావడం, గొంతు మారడం, ఏ కారణం లేకుండానే అంగం గట్టిపడటం, నిద్రలో వీర్యం పడటం, ఇవన్నీ జరగకముందే తెలియాలి. లేకపోతే తనకేదో జబ్బు చేసిందనుకుని లోలోపల నలిగిపోతాడు. పీరియడ్స్ గురించి కూడా చెప్పండి. మా పాప కడుపునొప్పితో పడుకున్న రోజు బాబుకి దాచకుండా చెప్పాను. ఇప్పుడు హాట్ వాటర్ బ్యాగ్ వాడే తెచ్చిస్తాడు.

ఏదైనా అడిగితే ముందు "నువ్వేం విన్నావు?" అని అడగండి. వాడికి ఎంత తెలుసో, ఎక్కడ తప్పుగా తెలుసో అప్పుడే తేలిపోతుంది. ఎదురెదురుగా కూర్చోబెట్టి క్లాస్ పీకొద్దు. నడుస్తూనో పని చేస్తూనో మాట్లాడితే ఇద్దరికీ సులువు.

ప్రేమ విషయం ఇంకా కష్టం. పాపకి 15 ఏళ్లప్పుడు ఒక అబ్బాయి నచ్చాడు. మెసేజ్‌కి రిప్లై ఆలస్యమైతే కోప్పడతాడని, ఫోన్ పాస్‌వర్డ్ ఇమ్మంటున్నాడని మాటల్లో తెలిసింది. "ఎవడు వాడు?" అని నోటిదాకా వచ్చింది. మింగేసి, "అతనితో మాట్లాడాక నీకు హాయిగా ఉంటుందా, టెన్షన్‌గా ఉంటుందా?" అని మాత్రం అడిగాను. ఏమీ చెప్పలేదు. రెండు రోజుల తర్వాత రాత్రి నా మంచం మీద చేరి, "టెన్షన్‌గానే ఉంటుందమ్మా" అంది. మిగతాదంతా తనే చెప్పుకుంటూ పోయింది.

ఫొటోల గురించి ఇద్దరికీ ఒకే మాట చెప్పాను. ఎవరు అడిగినా బట్టలు లేని ఫొటో పంపకండి. ఒకవేళ పంపేశాక ఎవరైనా బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి, మెసేజ్‌లు చెరిపేయకండి, ఎంత రాత్రయినా నన్ను లేపండి. ఇలాంటి బెదిరింపులు మగపిల్లలకీ వస్తాయి.

బాబుతో నాన్నే మాట్లాడాలని రూలేం లేదు కానీ, ఆయన కూడా ఒక్క మాట కలిపితే మంచిది. మా ఇంట్లో ఆయనకి మొహమాటం ఎక్కువ. ఈమధ్య బాబు గొంతు బొంగురుపోతుంటే "నాకూ నీ వయసులోనే ఇలా అయింది, మాట్లాడాలంటే సిగ్గేసేది" అన్నారు. అంతే, వాడు ఆ సాయంత్రమంతా ఆయన వెనకాలే తిరుగుతూ ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నాడు.