ఫిష్‌ఐ ఫొటోతో అడవిలో మేం ఏం కొలిచామంటే

చుట్టూ ఉన్నదంతా ఒకే గుండ్రటి ఫొటోలో పట్టే ఫిష్‌ఐ లెన్స్‌తో తీస్తే గీతలన్నీ వంగిపోతాయి కదా, అలాంటి ఫొటో సైన్స్‌లో కొలతలకు ఎలా పనికొస్తుందని అడిగారు. బాగా పనికొస్తుంది. పీజీ ప్రాజెక్టు కోసం నల్లమలలో నేను చేసింది ఆ పనే.

ముందు ఆ వంపు సంగతి. గీతను గీతలాగే చూపించే మామూలు వైడ్ లెన్స్ తీసుకోండి. కెమెరా చూపుకు 45 డిగ్రీలు పక్కన ఉన్న కొమ్మ ఫొటో మధ్య నుంచి ఒక అంగుళం దూరంలో పడిందనుకుందాం. 80 డిగ్రీల దగ్గరున్నది ఐదున్నర అంగుళాలు దాటిపోతుంది, 89 డిగ్రీలది 57 అంగుళాల అవతల పడుతుంది. 90కి ఎంత పెద్ద సెన్సర్ పెట్టినా చాలదు. ఆకాశం మొత్తం ఒకే ఫొటోలో కావాలంటే గీతలు వంగక తప్పదు. ఎలా వంగాలో మాత్రం లెన్స్ తయారుచేసేవాళ్ల చేతిలో ఉంటుంది. నేను వాడిన లెన్స్‌లో కోణం రెట్టింపైతే మధ్య నుంచి దూరమూ రెట్టింపవుతుంది. కెమెరాను నిటారుగా పైకి పెడితే నడినెత్తి సరిగ్గా మధ్యలో, దిగంతం వృత్తం అంచున ఉంటాయి. ప్రింట్ మీద స్కేలు పెట్టి కోణం చెప్పేయొచ్చు.

ఫిష్‌ఐ అన్న పేరు 1906లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్.డబ్ల్యు. వుడ్ పెట్టింది. నీళ్లలోంచి చేప చూస్తే పైలోకమంతా సుమారు 97 డిగ్రీల శంకువులోకి కుదించుకుని కనిపిస్తుందని ఆయన నీళ్లు నింపిన కెమెరాతో ఫొటో తీసి చూపించాడు. 1924లో ఇంగ్లండ్‌లో రాబిన్ హిల్ మేఘాల ఫొటోల కోసం మొత్తం ఆకాశాన్ని పట్టే లెన్స్‌ను వివరించాడు. బోటనీ చదివినవాళ్లకు ఈయన తెలుసు, కిరణజన్య సంయోగక్రియలో హిల్ రియాక్షన్ ఈయనదే. తర్వాత 1959 నాటికి అదే రకం కెమెరాతో అడవిలో చెట్ల కింద వెలుతురును కొలవడం మొదలైంది. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

మా పద్ధతి ఇది. ట్రైపాడ్ మీద కెమెరాను నిటారుగా పైకి తిప్పి, రసమట్టంతో సరిచూసి, ఉత్తరం గుర్తు పెట్టి, సూర్యుడు రాకముందే ఫొటో తీస్తాం. కంప్యూటర్ ప్రతి పిక్సెల్‌నూ ఆకాశమా, ఆకా అని విడదీస్తుంది. ఏ కోణంలో ఎంత సందు ఉందో తెలిస్తే, చదరపు మీటరు నేల మీద ఎన్ని చదరపు మీటర్ల ఆకు ఉందో లెక్క వస్తుంది. ముఖ్యంగా నడినెత్తి నుంచి 57 డిగ్రీల దగ్గరి వలయం చాలా విలువైనది. అక్కడ ఆకులు ఎటు వాలి ఉన్నా లెక్క పెద్దగా మారదు.

మొదటి ఐదు రోజులూ నేను ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా ఎంత వెలుతురు తీసుకోవాలన్నదాన్ని, ఆటోలో వదిలేశాను. నల్లమద్ది చెట్లు దట్టంగా ఉన్న చోటికీ, పక్కనే పలచటి టేకుల కిందికీ దాదాపు ఒకే సంఖ్య వచ్చింది. కళ్లకు అంత తేడా కనిపిస్తుంటే ఇదేంటని రాత్రంతా టెన్షన్. కారణం తర్వాత తెలిసింది. చీకటిగా ఉన్నచోట కెమెరా ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది, దాంతో తెల్లబడిన ఆకాశంలో చిన్న ఆకులు, రెమ్మలు కలిసిపోతాయి. దట్టమైన అడవే ఎక్కువ నష్టపోతుంది. ఆ ఫొటోలన్నీ పక్కన పెట్టి మళ్లీ తీశాం. ఈసారి బయలులో ఆకాశానికి రీడింగ్ తీసుకుని, దానికి రెండు స్టాపులు కలిపి (అంటే నాలుగు రెట్లు వెలుతురు తీసుకునేలా పెట్టి), మాన్యువల్‌లో బిగించేశాం.

ఆకాశం మీద కూడా దీనికి చాలా పని ఉంది. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో ధ్రువకాంతుల కోసం ఇలా మొత్తం ఆకాశాన్ని పట్టే కెమెరాలు వాడారు. రెండు ఊళ్ల నుంచి ఒకే ఉల్కను పట్టుకుంటే అది ఎంత ఎత్తులో మండిందో లెక్కకట్టొచ్చు.

మీరు ఫోన్‌కు తగిలించే క్లిప్ లెన్స్‌తో మొదలుపెట్టొచ్చు. కాకపోతే అది ఏ నియమం ప్రకారం వంచుతుందో ముందు తెలియాలి. గదిలో ఫోన్‌ను కదలకుండా బిగించి, చుట్టూ ప్రతి 10 డిగ్రీలకు ఒక గుర్తు అతికించి, ఏది మధ్య నుంచి ఎన్ని పిక్సెళ్ల దూరంలో పడిందో రాసుకోండి. ఆ పట్టిక ఇక్కడ పెడితే మిగతా లెక్క నేను చూపిస్తాను.