బ్యాడ్జీకి ఎంత, బండికి ఎంత?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పెద్ద కార్ల గురించే. ఇరవై ఏళ్ళకు పైగా ఇన్సూరెన్స్ సర్వేయరుగా నెల్లూరు, ఒంగోలు మధ్య గుద్దుకున్న కార్లూ మునిగిన కార్లూ చూసినవాణ్ణి. షోరూంలో మెరిసే కారు కంటే వర్క్‌షాప్‌లో విప్పి పెట్టిన కారే నాకు బాగా తెలుసు, కాబట్టి జవాబులు కూడా అట్లాగే ఉంటాయి.

ప్రశ్న: సార్, మాది కావలి దగ్గర. 30 ఎకరాల్లో రొయ్యల గుంటలున్నాయి. వరసగా రెండు పంటలు బాగా వచ్చాయి. మావాడు జర్మన్ కంపెనీ ఎస్‌యూవీ, అదీ డీజిలే కొనాలని పట్టుబట్టాడు. షోరూం ధర 50 లక్షలు. మా బామ్మర్ది చెన్నైలో అదే బండి కొన్నాడు, ఎక్కితే బాగానే ఉంది. మా ఆవిడేమో ఆ డబ్బుతో నెల్లూరులో స్థలం కొనమంటోంది. అంత డబ్బుకి తగ్గ సరుకు అందులో ఉందా లేదా, సూటిగా చెప్పండి.

జవాబు: సరుకు ఉందండీ. లేదని చెప్పేవాళ్ళు చాలావరకు అది నడపనివాళ్ళే. తడ దాటాక వంద మీద పోతుంటే ముందు లారీ ఉన్నట్టుండి పక్క లేన్‌లోంచి అడ్డం వచ్చిందనుకోండి, బ్రేకు తొక్కితే బండి పక్కకు లాగకుండా నేలకు అతుక్కున్నట్టు నిలబడుతుంది. నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు పోయి దిగాక నడుము పట్టుకుని నిలబడాల్సిన పని ఉండదు. లోపల మాట్లాడుకుంటే గొంతు పెంచక్కర్లేదు. ఇవన్నీ నిజమే, బామ్మర్ది బండిలో మీకు కనిపించింది అదే.

కానీ మీరు కట్టే 50 లక్షల్లో బండి ఎంతో ఒకసారి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం (అంతకుముందు 28 శాతం, దాని మీద సెస్సు). అంటే 50 లక్షల షోరూం ధరలో 14 లక్షల పైచిలుకు పన్నే. ఆ పైన లైఫ్ టాక్సు ఉంది, బండి ఖరీదు పెరిగేకొద్దీ దాని శాతమూ పెరుగుతుంది. ఆ తర్వాత ఇన్సూరెన్సు, 10 లక్షలు దాటిన బండి కాబట్టి ఒక శాతం టీసీఎస్ (షోరూం వాళ్ళు ముందే వసూలు చేసే ఆదాయపన్ను, ఇది రిటర్న్ వేసినప్పుడు సర్దుకోవచ్చు, దానికి బాధపడొద్దు). అన్నీ కలిపి రోడ్డెక్కేసరికి 60 దాకా పోతుంది. ఇంజనుకీ సీట్లకీ బ్రేకులకీ పోయింది ఎంత, బ్యాడ్జీకీ సర్కారుకీ పోయింది ఎంత అనేది మీరే లెక్కేసుకోండి.

ఇక తరుగు. దీనికి నా మాట నమ్మక్కర్లేదు, ఇన్సూరెన్సు వాళ్ళ పట్టిక చాలు. ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్ళు దాటితే 30, మూడేళ్ళు దాటితే 40, నాలుగు దాటితే సగం. అదీ షోరూం ధర మీద, మీరు కట్టిన లైఫ్ టాక్సు అందులో లెక్కకే రాదు. స్థలం అయితే ఐదేళ్ళకి పెరక్కపోయినా అక్కడే పడుంటుంది, మీ ఆవిడ మాటలో న్యాయముంది.

40 లక్షలు లోను పెట్టి 9 శాతం వడ్డీకి ఐదేళ్ళు కడితే నెలకి 83 వేలు. ఏడేళ్ళకి సాగదీస్తే నెలకి 64 వేలకు తగ్గుతుంది గానీ వడ్డీ ఒక్కటే 14 లక్షలు దాటుతుంది. జీతగాడికైతే ఒకటో తారీఖున డబ్బులొస్తాయి. మీకు పంట ఎత్తితేనే గదా డబ్బు! తెల్లమచ్చ రోగం పడిందంటే కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు అనే సైజు) వచ్చేదాకా కూడా ఆగకుండా వచ్చిన కాడికి పట్టేసుకోవాలి. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు మన వైపు గుంటకాడ రేటు ఏమైందో మీకు నేను చెప్పాలా? ఆ నెల కూడా ఐదో తారీఖున బ్యాంకు మెసేజ్ వచ్చే ఉంటుంది.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఇంకోటుంది. ఆ బండి ఎక్కడ తిరుగుతుంది? అల్లూరు వైపు ఒకాయన బండి చూడ్డానికి వెళ్ళాను ఒకసారి. తెల్ల తోలు సీట్లు, పైన అద్దాల కప్పు, డిక్కీ తెరిస్తే రొయ్యల మేత వాసన గుప్పుమంది. లోపల రెండు మేత బస్తాలు, మట్టి కొట్టుకుపోయిన చెప్పులు, గుంట నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ మోటారు విప్పిన ముక్కలు. ఏందన్నా ఇది అంటే, "ఏం చేసేది సార్, గుంటకాడికి పొయ్యేది దీంట్లోనే గదా" అన్నాడు. కట్ట మీద ఏదో రాయి తగిలి ఎడమ వెనక టైరు గోడ నిలువునా చీలింది. అది రన్‌ఫ్లాట్ టైరు. గాలి పోయినా 80 వేగంతో 80 కిలోమీటర్లు పోవచ్చని చెప్పే రకం, కానీ అది చిల్లు పడినప్పటి మాట, గోడ చీలితే ఏ టైరైనా పారెయ్యాల్సిందే. అందులో స్టెప్నీ ఉండదు. ఆ సైజు నెల్లూరులో ఎవరి దగ్గరా లేదు, తెప్పించేదాకా నాలుగు రోజులు బండి కట్ట పక్కన కొబ్బరి చెట్టు కిందే ఉంది. టైరు ఒక్కదానికే దెబ్బ తగిలితే మామూలు పాలసీలో పైసా రాదు, ఆ మాట చెప్పడానికే నేను వెళ్ళినట్టయింది. ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మీవాడు డీజిలే అంటున్నాడు గాబట్టి ఇంకొకటి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్6 డీజిల్ బండ్లకి పొగ గొట్టంలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది. మసి అందులో చేరుతుంది, హైవే మీద కాసేపు వేడిగా పరిగెత్తితే అదే కాలిపోతుంది. రోజూ ఇంటి నుంచి గుంటకాడికి నాలుగు కిలోమీటర్లు పోయి ఏసీ వేసుకుని కూర్చుంటే ఆ మసి కాలదు, పూడుకుపోతుంది. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ లైటు వెలుగుతుంది, మీరు వర్క్‌షాప్‌కి బయలుదేరుతారు. ఆ వర్క్‌షాప్ మీ ఊరికి ఎంత దూరమో కొనకముందే కనుక్కోండి. చెన్నై అయితే పోను రాను ఒక రోజు, 450 కిలోమీటర్లు.

కాబట్టి నా జవాబు ఇది. లోను లేకుండా కొనగలిగి, నెలకి మూడు నాలుగు సార్లు చెన్నైకో విజయవాడకో పోయే పని ఉండి, గుంటకాడికి పాత పికప్ వేరే పెట్టుకునేట్టయితే కొనండి, సుఖపడతారు. లోను పెట్టి కొని కట్టల మీద తిప్పేట్టయితే వద్దు. 25, 30 లక్షల్లో మన దగ్గర ఏ మెకానిక్కైనా చెయ్యి పెట్టగలిగే పెద్ద బండ్లున్నాయి. అవి మీ గుంటకాడ బతుకుతాయి.

ప్రశ్న: ఒంగోలులో ఉంటాం. చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం. సంస్థ పేరున కొంటే ఎటూ పన్ను కలిసొస్తుంది, దాదాపు ఫ్రీగా వచ్చినట్టే అని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఫ్రీ అన్నాయన తన బండి రేపు మీ ఇంటి ముందు పెట్టి తాళాలు ఇస్తాడేమో అడగండి.

లెక్క చాలా చిన్నది. కారు మీద ఆదాయపన్నులో తరుగు 15 శాతం. సంస్థకి 60 లక్షలు పడిన బండికి మొదటి ఏడాది 9 లక్షలు ఖర్చుగా రాసుకోవచ్చు, ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. మీరు 30 శాతం పన్నులో ఉంటే 9 లక్షల మీద మిగిలేది 2 లక్షల 70 వేలు. మరుసటి ఏడాది మిగిలిన విలువ మీద మళ్ళీ 15 శాతం, అట్లా తగ్గుతూ పోతుంది. లోను వడ్డీ, డ్రైవరు జీతం, డీజిలు కూడా ఖర్చు కిందే వస్తాయి, కాదనను. కానీ ఎంత రాసుకున్నా రూపాయి ఖర్చుకి ముప్పై పైసలే తిరిగొస్తుంది, డెబ్బై పైసలు మీ జేబులోవే. పైగా బండి తిరుపతికీ పెళ్ళిళ్ళకీ తిరిగిన మేరకు అధికారి కోత పెట్టొచ్చు. కట్టిన జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుందామంటే మామూలు కార్లకి అది కుదరదు. ఏటా లాభం బాగా వస్తూ, ఎట్లాగూ ఒక పెద్ద బండి కొనాలనుకుంటే సంస్థ పేరున కొనడం తెలివైన పనే. పన్ను కోసమే కొనడం మాత్రం తెలివి కాదు.

మీ రోడ్డు గురించి ఒక మాట. గ్రానైట్ లారీల వెనక పోయేవాళ్ళకి ముందు అద్దం మీద రాళ్ళు కొట్టడం మామూలే. ఈ కొత్త కార్లలో లేన్ చూసే కెమెరా ఆ అద్దం వెనకే ఉంటుంది. అద్దం మారిస్తే కెమెరా మళ్ళీ సరిచేయించాలి, అది వీధి చివర అద్దాల షాపులో అయ్యే పని కాదు. క్లెయిములో అద్దానికి తరుగు కొయ్యరు, అదొక్కటే సంతోషం. ప్లాస్టిక్, రబ్బరు ముక్కలకి సగం కోస్తారు కాబట్టి ఆ కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ పాలసీ తీసుకోకుండా అట్లాంటి బండి రోడ్డు మీదికి తేవద్దు. ఆ బంపర్లన్నీ ప్లాస్టిక్కే.

ప్రశ్న: నెల్లూరు, దర్గామిట్ట. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, ఇప్పుడు ఇంటి నుంచే పని. బెంగళూరులో నాలుగేళ్ళ పాత ప్రీమియం సెడాన్, కొత్తలో 50 లక్షలది, 24కి ఇస్తామంటున్నారు. కొత్తది కొనేకన్నా ఇదే నయం కదా అన్నా?

జవాబు: నయమే తమ్ముడూ, తరుగులో పెద్ద ముక్క మొదటి ఓనరు మింగేశాడు. కానీ ఒకటి మర్చిపోతున్నావు. బండి ధర 24కి దిగింది, దాని సామాన్ల ధర దిగలేదు. హెడ్‌లైటు పగిలితే 50 లక్షల బండి హెడ్‌లైటే కొనాలి. వారంటీ పొడిగించుకునే వీలుంటే దానికీ, లేకపోతే రిపేర్లకీ రెండు మూడు లక్షలు పక్కన పెట్టుకున్నాకే బేరానికి కూర్చో.

కర్ణాటక బండి కాబట్టి 12 నెలలు దాటి ఇక్కడుంచితే మన నంబరు చేయించాలి. దానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి, బండి వయసుని బట్టి ఇక్కడ లైఫ్ టాక్సు కట్టాలి. అక్కడ కట్టినది వెనక్కి తెచ్చుకోవడం అంటే ఆర్టీవో ఆఫీసు చుట్టూ చెప్పులరగడమే. ఆ పన్ను కూడా 24 మీద కలుపుకుని చూడు, బేరం అంత తియ్యగా ఉండదు.

చూసేటప్పుడు రంగు చూడకు. టైరు మీద నాలుగంకెలుంటాయి, 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని. ఓడోమీటరు 25 వేలు చూపిస్తూ నాలుగు టైర్లూ నిన్నగాక మొన్నటివైతే ఎందుకు మార్చారో అడుగు. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ వర్క్‌షాప్‌లో సర్వీసు చరిత్ర తీయించు. పెట్రోలు బండి అయితే 2023 ఏప్రిల్‌కి ముందు తయారైందా తర్వాతా అనేది చూడు, ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపింది, ఆ నెల నుంచే బండ్లని దానికి తగ్గట్టు చేస్తున్నారు. మాన్యువల్‌లో ఏ పెట్రోలు వాడమన్నారో చదువు.

తర్వాత సీటు బెల్టు చివరిదాకా లాగి వాసన చూడు. నవ్వకు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగినప్పుడు, ఆ నెలంతా నేను చూసింది నీళ్ళు తాగిన కార్లే. సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు, బెల్టు చుట్టలో లోపల ఉన్న ఒండ్రు మాత్రం ఎవరూ కడగరు. బెంగళూరులోనూ బేస్‌మెంట్లు మునుగుతాయి. ఇంకో సంగతి, అప్పుడు చాలామంది మునిగిన కారుని "ఒకసారి స్టార్టు చేసి చూద్దాం" అని సెల్ఫ్ కొట్టారు. నీళ్ళు ఇంజన్లోకి పోయి రాడ్లు వంగాయి, ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ (పాలసీకి అదనంగా కట్టి తీసుకునే రక్షణ) లేనివాళ్ళకి క్లెయిము రాలేదు. మన జిల్లాలో ఉండేవాడికి ఆ యాడ్ఆన్ దుబారా కాదు. నీళ్ళు చేరిన బండి తాళం తిప్పకు, తోయించుకుపో.

ప్రశ్న: అయ్యా, మాది కందుకూరు. అమ్మాయికి సంబంధం కుదిరేట్టుంది. అబ్బాయి వాళ్ళు ఏమీ అడగడం లేదు గానీ, "మా పెద్ద కోడలు వాళ్ళు ఫలానా కారు పెట్టారు" అని రెండుసార్లు అన్నారు. మేం చిన్న కారు ఇద్దామనుకున్నాం. పెద్దది ఇస్తేనే విలువ ఉంటుందా?

జవాబు: అమ్మా, రెండుసార్లు అన్నారంటే అది అడగడమే. 1961 నుంచీ అట్లా అడగడమూ నేరమే, ఇవ్వడమూ నేరమే అని చట్టం ఉంది, ఆ సంగతి వాళ్ళకి తెలిసే మాట అటు తిప్పి అన్నారు. కారు సైజు గురించి నన్ను అడిగారు కాబట్టి సర్వేయరుగా ఒక్కటే చెప్తాను: ఆ పెద్ద కోడలి పుట్టింటివాళ్ళు పెట్టిన కారు ఇప్పుడు ఎవరి పేరున ఉంది, ఎవరు నడుపుతున్నారు, మిగిలిన ఈఎంఐ ఎవరు కడుతున్నారు, ఈ మూడూ నిశ్చితార్థానికి ముందే నెమ్మదిగా కనుక్కోండి.