బండి రోడ్డు మీద ఆగిపోతే: మేనల్లుడికి ఒక లేఖ

అల్లుడూ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది మొత్తం విన్నాను, మధ్యలో మీ అమ్మ ఫోన్ గుంజుకుని చెప్పింది కూడా విన్నాను. ఏడాది తిరగని కారు కరీంనగర్ వరంగల్ రోడ్డులో ఎల్కతుర్తి దాటాక ఎనభై స్పీడులో టక్కున ఆగిపోవడం, వెనకాలే గ్రానైట్ లారీ, కాసేపాగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు లేవడం. సర్వీస్ సెంటర్‌కు పోయిన ప్రతిసారీ "మాకు రావట్లేదు సార్, బండి ఓకే" అని శుభ్రంగా కడిగి ఇచ్చి పంపుతున్నారు. మామా, నీ షెడ్డుకు తెస్తా, ఒకసారి విప్పి చూడు అన్నావు.

తేవద్దు. ఆటోనగర్‌లో ఇన్నేళ్లు బండ్లు విప్పినవాడినే చెప్తున్నా, వారంటీలో ఉన్న బండికి బయటి మెకానిక్ స్పానర్ తగిలిందంటే రేపు వాళ్లు అనే మొదటి మాట అదే: బయట విప్పించారు సార్, ఇక మాకు సంబంధం లేదు. నాకు చెయ్యి దురద పెడుతున్నా సరే, ముట్టుకోను.

ముందు నీ ప్రాణం సంగతి. మళ్లీ ఆగితే, ఆగుతుందనే అనుకో, ఇంజిన్ పోయినా బ్రేక్ బూస్టర్‌లో, అంటే పెడల్ తేలిగ్గా దిగేలా సాయం చేసే డబ్బాలో, కొంత వాక్యూమ్ మిగిలే ఉంటుంది, అది ఒకటి రెండు సార్లు తొక్కడానికి సరిపోతుంది, కాబట్టి బ్రేక్ వేసినప్పుడు ఒకేసారి గట్టిగా తొక్కి పట్టు, వదులుతూ తొక్కుతూ ఉంటే ఆ మిగిలింది కూడా అయిపోయి పెడల్ బిగుసుకుపోతుంది, అప్పుడు రెండు కాళ్ల బలం పెట్టాల్సి వస్తుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, తిరగకుండా మాత్రం పోదు. బండి కదులుతుండగా తాళం చెవి పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడితే ఇక అంతే. హజార్డ్ లైట్లు వేసి, ఉన్న ఊపుతోనే ఎడమ అంచుకు తెచ్చుకో. ఆగాక లోపల కూర్చుని ఎవరికో ఫోన్లు చేస్తూ ఉండొద్దు, అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడాలి. ఈ సంగతి తేలేదాకా రాత్రిపూట ఆ రోడ్డు మీదికి పోకు, మీ అమ్మను ఎక్కించుకుని అసలే పోకు, కావాలంటే బస్సుంది.

ప్రతి చప్పుడుకూ ఇంత టెన్షన్ అక్కర్లేదు. డాష్‌బోర్డు కిటకిటలాడుతుంది, గుంతలో పడితే లింక్ రాడ్ కొట్టుకుంటుంది, అవి విసుగే కానీ ప్రమాదం కాదు, సర్వీసు టైముకు చెప్పుకోవచ్చు. కానీ కొన్ని ఉంటాయి, అవి కనబడిన రోజే బండి పక్కకు పెట్టేయాలి. నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఆగడం. బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోవడం, లేదా బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు గుంజడం. లోపల పెట్రోల్ వాసన. దీన్ని చాలామంది పంపు దగ్గర ఒలికిందేమో అనుకుని అద్దాలు దించుకుని పోతుంటారు, 2010లో మారుతి ఎ-స్టార్ బండ్లు లక్ష వెనక్కి పిలిచింది పెట్రోల్ ట్యాంకు దగ్గరి గాస్కెట్, అంటే అతుకు దగ్గర కారకుండా వేసే సీలు, కారే అవకాశం ఉందనే. ఇక ఎయిర్‌బ్యాగ్ లైట్. అది ఆరకుండా వెలుగుతోందంటే గుద్దుకున్నప్పుడు బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదని అర్థం, అయినా బండి నడుస్తోంది కదా అని నెలల తరబడి అట్లనే తిప్పేవాళ్లు మా షెడ్డుకు మస్తుమంది వచ్చేవారు. 2023 జనవరిలో మారుతి 17,362 బండ్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం పిలిచినప్పుడు, ఆ పార్టు మార్చేదాకా అనుమానం ఉన్న బండ్లు నడపొద్దని కంపెనీయే చెప్పింది. కంపెనీయే అంత మాట అంటే ఆ లైటు ఎంత పెద్ద విషయమో చూడు.

ఇప్పుడు అసలు పని. సర్వీస్ సెంటర్‌లో నువ్వు నోటితో ఎంత చెప్పినా గాలికి పోతుంది, జాబ్ కార్డు మీద, అంటే బండి తీసుకునేటప్పుడు నీ కంప్లైంటు రాసుకునే వాళ్ల కాగితం మీద, పడిందే లెక్క. నువ్వు పంపిన జాబ్ కార్డుల ఫొటోలు చూశాను. ఒకదాంట్లో "జనరల్ చెకప్" అనుంది, ఇంకోదాంట్లో "స్టార్టింగ్ చెక్". వెనక లారీ వస్తుండగా ఇంజిన్ ఆగిన ముచ్చట ఎక్కడుంది ఆ కాగితంలో? రేపు ఎవరన్నా అడిగితే నీ బండి మామూలు చెకప్‌కు వచ్చినట్టే. అడ్వైజర్ కంప్యూటర్‌లో తన మాటల్లో టైపు చేసుకుంటాడు, వాడి స్క్రీన్‌లో ఉన్న ఆప్షన్లు అవే, పిల్లాడి తప్పు కూడా కాదు. నువ్వే ఇంట్లో రాసుకుని పో. ఇట్లా రాయి: ఫలానా తారీఖు, సాయంత్రం ఇన్ని గంటలకు, మీటరు మీద ఇన్ని కిలోమీటర్లు, కరీంనగర్ వరంగల్ రోడ్డు, వేగం ఎనభై, ఐదో గేరు, ఏసీ ఆన్, ట్యాంకులో పెట్రోలు పావు, ముందుగా ఏ లైటూ రాకుండా ఇంజిన్ ఆగింది, కొన్ని నిమిషాల తర్వాత స్టార్ట్ అయింది. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు జాబ్ కార్డులో ఎక్కించమను, కుదరదంటే నీ కాగితం మీదే వాళ్ల స్టాంపు, సంతకం తీసుకో, అదీ కుదరదంటే అక్కడే నిలబడి వాళ్ల అఫీషియల్ ఈమెయిల్‌కు, కంపెనీ కస్టమర్ కేర్‌కు రెండింటికీ పంపి కంప్లైంట్ నంబరు తీసుకో. గొంతు పెంచకు. అరిచినవాడి బండి ముందు చూసి పంపుతారేమో కానీ, వాడి కాగితం ఎవరూ సరిగ్గా రాయరు.

ట్యాంకులో పెట్రోలు ఎంతుందో రాయమన్నది ఊరికే కాదు. ఫ్యూయల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది, ట్యాంకు అడుగంటి పైన ఎండ కూడా ఉంటే పంపు వేడెక్కుతుంది. లోపమున్న పంపు అట్లాంటప్పుడే మొరాయిస్తుంది, చల్లారాక బుద్ధిగా పనిచేస్తుంది. నువ్వేమో సర్వీస్‌కు పోయేముందు ట్యాంకు ఫుల్ చేయించి పొద్దున్నే చల్లపూట ఇచ్చి వచ్చావు, వాళ్లు రెండు కిలోమీటర్లు తిప్పి ఓకే అన్నారు. నీ బండిలో పంపే పోయిందని నేను అనట్లేదు, చూడకుండా అనేది కాదు, సెన్సర్ కావచ్చు, వైరింగ్ కావచ్చు. ఈసారి మాత్రం బండి ఏ స్థితిలో ఆగిందో ఆ స్థితిలోనే ఇవ్వు, ఒకట్రెండు రోజులు ఉంచుకోమను, స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే మిషను) పెట్టి ఫ్యూయల్ ప్రెజర్ రికార్డు చేస్తూ హైవే మీద నడపమను, వీలైతే నువ్వూ పక్కన కూర్చో.

స్కానర్ అంటే గుర్తొచ్చింది. ఇంజిన్ ఆగినప్పుడు కంప్యూటర్‌లో ఎర్రర్ కోడ్ పడితే, ఆ క్షణంలో స్పీడు ఎంత, వేడి ఎంత అన్న లెక్కలు కూడా దాంతోపాటు నిలిచి ఉంటాయి. వాళ్లు చూసీ చూడనట్టు దాన్ని చెరిపేసి "క్లియర్ చేశాం సార్" అంటారు, ఏదో మేలు చేసినట్టు. చెరిపే ముందు ప్రింటు అడుగు, లేదా స్క్రీన్ ఫొటో తీసుకో. నువ్వు కూడా యూట్యూబ్ చూసి బ్యాటరీ టెర్మినల్ పీకి పెట్టకు, చాలా బండ్లలో అది కూడా కోడ్‌ను మాయం చేస్తుంది. వీడియో తీయాలంటే పక్కనున్నవాళ్లు తీయాలి, మీటరు మీద కిలోమీటర్లు కనబడాలి. స్టీరింగ్ పట్టుకుని ఫోన్ ఎత్తావని తెలిస్తే నేనే వచ్చి చెవి మెలిపెడతా.

వాళ్లు నీ మీదికే తిప్పడానికి మూడు మాటలు సిద్ధంగా ఉంటాయి. ఎలుక కొరికింది, పెట్రోలు కల్తీ, బయట ఫిట్టింగులు. మూడూ అబద్ధమని కొట్టిపారేయలేం. మీ ఇంటి వెనకే వరి పొలం, కోతలయ్యాక ఎలుకలు బానెట్‌లోకి చేరడం మన దగ్గర కొత్త కాదు, ముందు టార్చి వేసి వైర్లు చూసుకో. పెట్రోలు కొట్టించిన బిల్లులు దాచు, కల్తీ అంటే శాంపిల్ తీసి టెస్ట్ రిపోర్టు రాతపూర్వకంగా ఇవ్వమను, సగం కేసుల్లో ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. ఇక నువ్వు హన్మకొండలో వేయించిన ఆ పెద్ద హారన్, ఎల్‌ఈడీ లైట్లు. వైరు కోసి కలిపారా, కోయకుండా గుచ్చే కప్లర్ పెట్టారా? కోసి ఉంటే ముందే తీయించి అసలువి పెట్టించు, తీయించిన బిల్లు కూడా ఉంచు, ఉన్నది దాచి అబద్ధం ఆడొద్దు. ముందు బంపర్‌కు ఇనుప గార్డు మీద మనసుందని మీ అమ్మ చెప్పింది, అది 2017 నుంచే నిషేధం, పైగా ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల పనికి అడ్డం.

రీకాల్, అంటే లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలవడం, నీ బండికి ఉందేమో చూశావా? బండి కాగితాల్లో 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉంటుంది, కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే నీ బండి పిలిచిన వాటిలో ఉందో లేదో చెప్తుంది. మూడు నాలుగు నెలలకోసారి కొడుతూ ఉండు, ఎందుకంటే ఇవి వెంటనే బయటపడవు. 2019 జూలై 30 నుంచి నవంబరు 1 మధ్య తయారైన బలేనో, వ్యాగన్ ఆర్ బండ్లు 16,041 ఉంటే, ఫ్యూయల్ పంపు మోటారు పార్టులో లోపం, ఇంజిన్ ఆగే అవకాశం ఉందని వాటిని పిలిచింది 2024 మార్చిలో. నాలుగేళ్లు దాటింది. 2021లో రాయల్ ఎన్‌ఫీల్డ్ 2,36,966 మోటార్ సైకిళ్లను ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్గుకు కరెంటు పంపేది) కోసం పిలిచింది, అది కూడా ఇంజిన్ తడబడే మిస్‌ఫైర్ ముచ్చటే, ఒకసారి వచ్చి ఒకసారి రాని రకం. అదే ఏడాది మారుతి 1,81,754 పెట్రోల్ బండ్లకు మోటార్ జనరేటర్ యూనిట్ (ఇంజిన్‌కు తోడుండే కరెంటు మోటారు) చూడాలంటూ, అప్పటిదాకా నిలిచిన నీళ్లలో నడపొద్దని చెప్పింది. వాన గట్టిగా పడితే హన్మకొండ నయీంనగర్ నాలా రోడ్డెక్కే ఊర్లో ఉన్నవాళ్లం, ఆ ముక్క మనకు వేరే చెప్పాలా.

కంపెనీ తనంతట తాను పిలవకపోతే ప్రభుత్వమే పిలిపించే చట్టం కూడా వచ్చింది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 110ఎ సెక్షన్ అది, దాని రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఏడేళ్లలోపు బండ్లకు వర్తిస్తాయి, కంపెనీకి జరిమానా కోటి రూపాయల దాకా ఉంది. యజమానులు కేంద్రం వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి, ఒక మోడల్ మీద ఫిర్యాదులు నిర్ణయించిన సంఖ్యకు చేరితే విచారణ మొదలవుతుంది. మనవాళ్లు ఏం చేస్తారంటే, షోరూమ్‌వాడు ఫ్రీగా పార్టు మార్చిస్తే అమ్మయ్య అనుకుని ఇంటికొస్తారు, ఫిర్యాదు పెట్టరు, ఆ లెక్క ఎప్పటికీ నిండదు. నీ బండి రేపే బాగైనా సరే ఆ పోర్టల్‌లో ఎక్కించు. జగిత్యాలలోనో మంచిర్యాలలోనో అదే మోడల్ నడుపుతూ, అదే "బండి ఓకే" వింటున్నవాడికి నీ ఒక్క ఫిర్యాదు పనికొస్తుంది.

ఇంతా చేసినా కదలకపోతే 1915కు ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, చాలాసార్లు ఆ దెబ్బకే కంపెనీ నుంచి పెద్దవాళ్లు లైన్‌లోకి వస్తారు. తర్వాత నోటీసు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల దాకా పెట్టి కొన్న వస్తువుకు కేసు అక్కడే, నువ్వున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, కంపెనీ ఎక్కడో ఢిల్లీలో ఉందని భయపడేది లేదు. ఐదు నుంచి పది లక్షల మధ్య కొన్నదానికి ఫీజు 200 రూపాయలు. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయొచ్చు. సమస్య మొదలైన దగ్గర్నుంచి రెండేళ్లలోపు వేయాలి, వాళ్లు "చూద్దాం సార్" అంటూ జరిపేది ఎంతైనా జరుపుతారు, నువ్వు మాత్రం ఆ తారీఖు మరిచిపోవద్దు. డీలర్‌ను, కంపెనీని ఇద్దరినీ పార్టీ చెయ్యి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. తయారీలోనే లోపం అని గెలవాలంటే ఎక్స్‌పర్ట్ రిపోర్టు అడుగుతారు, అక్కడే చాలా కేసులు పడిపోతాయి. నీ జాబ్ కార్డులు, కోడ్ ప్రింట్లు ఆ ఎక్స్‌పర్ట్ చూడటానికే. నిజం చెప్పాలంటే నువ్వు ఫోన్లో అడిగినట్టు కొత్త బండి ఇప్పించడం అరుదు, రిపేరు, నష్టపరిహారం ఎక్కువగా వచ్చేవి, ఆ ఆశతోనే దిగు.

ఇంకోటి, రిపేరయ్యాక సంతృప్తిగా ఉన్నాను అని సంతకం అడుగుతారు, తర్వాత ఫోన్ వస్తుంది పదికి పది ఇవ్వండి సార్ లేకపోతే నా జీతం కట్ అవుతుంది అని. పిల్లాడి మొహం చూసి ఇచ్చేస్తాం. బండి కనీసం రెండు వారాలు అదే రోడ్డు మీద నడిపి చూశాకే ఆ మాట చెప్పు, సంతకం పెట్టాల్సి వస్తే "సమస్య గమనిస్తున్నాను" అని పక్కన రాసి పెట్టు.

మీ బావ సెకండ్ హ్యాండులో కొన్న కారు కూడా చూడు. పదేళ్లు దాటిన బండి అది. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లు (బ్యాగును ఒక్కసారిగా ఉబ్బించే భాగాలు) పాతబడ్డాక వేడికి, తేమకు లోపలి పేలుడు మందు చెడిపోయి, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు మొహం మీదికి ఎగిరిన కేసులు ప్రపంచమంతా జరిగాయి, హోండా, టొయోటా సహా చాలా కంపెనీలు మన దేశంలోనూ పిలిచి ఫ్రీగా మార్చాయి, టకాటా 2017లో దివాలా తీసింది. మొదటి ఓనరు మార్పించాడో లేదో మీ బావకు తెలియదు. మన ఎండలు ఎట్లుంటాయో తెలుసు కదా. ఛాసిస్ నంబరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు, పైసా ఖర్చు లేదు, ఆయన చేయడు, నువ్వే చెయ్యి.

సోమవారం పోతానన్నావు కదా. ఇంట్లో రాసుకునే ఆ కాగితం ఫొటో ఆదివారం రాత్రికల్లా నాకు వాట్సాప్ చెయ్యి, కిలోమీటర్లు, పెట్రోలు లెవెల్ రాశావో లేదో చూసి చెప్తా. బండి దింపి రావడానికి మీ తమ్ముణ్ని వెనకాల బైక్ మీద రమ్మను, హజార్డ్ లైట్లు పనిచేస్తున్నాయో లేదో బయల్దేరే ముందు ఒకసారి నొక్కి చూసుకో.

మీ మామ