ముందు ఎండ సంగతి చూడు: పగిలిన డాష్‌బోర్డు గురించి మేనల్లుడికి లేఖ

విజయవాడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు మీ అత్త ఫోన్లో పెద్దవి చేసి చూశాను. పాత కాంటెస్సా కారు కొన్నావని అక్క చెప్పినప్పుడు సంతోషించాను గానీ, డాష్‌బోర్డు చూశాక నవ్వొచ్చింది. వేసవిలో చెరువు అడుగు నెర్రెలు బారినట్టు ఉంది. స్పీడోమీటరు గూడు మీద ఒకటి, గాలి వచ్చే జాలీ మూలల నుంచి రెండు, ఎడమ చివర ఒకటి, మొత్తం నాలుగు పగుళ్లు. మూడు బాగవుతాయి. నాలుగోదాని సంగతి తర్వాత చెబుతాను.

షాపువాడు మొత్తం ఊడదీసి కొత్త రెక్సిన్ వేస్తానన్నాడని, ఏం చేయమంటావని అడిగావు. తొందరపడకు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు కుషన్ పని చేశాను, రెక్సిన్ వేయిస్తే డబ్బులొచ్చేది నాలాంటి వాళ్లకే. అయినా చెబుతున్నా, ముందు ఎండ సంగతి చూడు. ఎండ ఆపకుండా ఎంత మంచి పని చేసినా రెండు మూడు వేసవుల్లో మళ్లీ నోరు తెరవడం నా కళ్లతో చూశాను.

అసలు ఎందుకు పగులుతుందో తెలిస్తే ఏం చేయాలో నీకే తోస్తుంది. పాత అంబాసిడర్లకి రేకు డాష్‌బోర్డు ఉండేది, దానికి ఈ బాధే లేదు. మారుతి 800 లాంటి వాటిది ఒకే పొర గట్టి ప్లాస్టిక్. నీ కారుది మెత్తటి రకం. లోపల గట్టి చట్రం, దాని మీద స్పాంజి, పైన వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పలచటి తోలు. ఆ వినైల్ పుట్టుకతో మెత్తనిది కాదు. నూనెలాంటి ఒక పదార్థం కలిపి దాన్ని మెత్తబరుస్తారు. వేడికి అది కొద్దికొద్దిగా ఆవిరై పోతుంది. ముందు అద్దాన్ని లోపలి వైపు వేలితో రుద్ది చూడు. వేలికి జిడ్డుగా, పొగమంచులాంటి పొర అంటుకుంటుంది. అందులో దుమ్ము, సిగరెట్ పొగ కూడా ఉండొచ్చు గానీ, చాలావరకు డాష్‌బోర్డు లోంచి పోయిన మెత్తదనమే అది. నూనె పోయాక తోలు కుంచించుకుంటుంది, కింద స్పాంజి దానితో పాటు కుంచించుకోదు. ఎక్కడో ఒకచోట తెగాలి కదా. జాలీ మూలలు, స్పీకర్ రంధ్రాలు, స్క్రూ పక్కన ఉండే చోట్లే ముందు తెగుతాయి. తెగిన అంచు ఎండిన అప్పడం అంచులా పైకి లేస్తుంది. నీ రెండో ఫోటోలో కనిపిస్తున్నది అదే.

వేడి ఎంతుంటుందో ఒక లెక్క చెబుతా. 2018లో బయటికొచ్చిన ఒక పరిశోధన కోసం అమెరికాలోని అరిజోనాలో కార్లు పెట్టి కొలిచారు. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో, ఎండలో గంటసేపు నిలిపిన కార్లలో డాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు చేరింది. నీడలో ఉన్నవాటికి 48. మీ కొత్తగూడెం ఎండలు నేను నీకు చెప్పాలా! ఆ ఇరవై డిగ్రీల తేడా నీ చేతిలో ఉంది.

కాబట్టి రేపటి నుంచే చేయాల్సింది ఇది. ముందు అద్దానికి లోపలి నుంచి వెండిరంగు షేడ్ పెట్టు, అద్దానికి అతుక్కునేంత దగ్గరగా. కారు ఆపిన ప్రతిసారీ పెట్టాలి, పది నిమిషాల పనే కదా అని వదిలేయకు. నల్లది కొనకు, అది వేడిని తాగి లోపలే కూర్చుంటుంది. కిటికీలు వేలెడు కిందకి దించి ఉంచు, వాన చూసుకో. మే, జూన్‌లలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తినే ఉంటాడు కాబట్టి కారు ఎటు తిరిగి ఉన్నా ఒకటే. రెండు దాటాక పడమటి ఎండ అద్దంలోంచి ఏటవాలుగా దూరుతుంది, అందుకే కారు ముఖం తూర్పుకి పెట్టు. మీ క్వార్టర్స్ ముందు వేపచెట్టు ఉందని అక్క చెప్పింది. దాని కింద పెడితే కాకి రెట్టలు పడతాయని భయపడకు. రెట్ట కడిగితే పోతుంది.

నల్ల ఫిల్మ్ అంటించుకోమని ఎవరో చెప్పే ఉంటారు. 2012లో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు ఫిల్మ్‌లు వద్దంది. పోలీసులతో పేచీ మనకెందుకు? పైగా ముందు అద్దంలో రెండు గాజుల మధ్య పొర ఉంటే అతినీలలోహిత కిరణాలు అక్కడే చాలావరకు ఆగిపోతాయి. ఆగనిది వేడి. దానికి షేడే మందు.

కాలిపోతున్న కారెక్కగానే ఏసీ ఫుల్లుగా పెట్టి చల్లగాలి డాష్‌బోర్డు మీదికి తిప్పకు. ముందు నాలుగు తలుపులూ తెరిచి వేడి బయటకు పోనివ్వు, తర్వాత గాలి కాళ్ల వైపు పెట్టుకో. ఇక కొబ్బరి నూనె, కిరోసిన్, టైర్లకు రాసే మెరుపు పాలిష్, వీటిలో ఏదీ డాష్‌బోర్డు దరికి రానివ్వకు. కొబ్బరి నూనె మొదటి రోజు నల్లగా నిగనిగలాడుతుంది, వారానికల్లా మీ ఊరి బొగ్గు దుమ్మంతా పట్టి పేస్టులా తయారవుతుంది. కిరోసిన్ మిగిలిన మెత్తదనాన్ని కూడా లాగేస్తుంది. మెరుపు పాలిష్ అద్దంలో ప్రతిబింబించి ఎండలో రోడ్డు కనిపించనివ్వదు. బకెట్ నీళ్లలో నాలుగు చుక్కల షాంపూ వేసి, గుడ్డ గట్టిగా పిండి తుడువు, చాలు. కావాలంటే నీళ్లతో తయారయ్యే, మెరుపులేని రకం ప్రొటెక్టెంట్, అంటే ప్లాస్టిక్‌ని కాపాడే ద్రవం, నెలకోసారి రాసుకో. ఒకటి మాత్రం గుర్తుంచుకో, పోయిన నూనెను ఏ సీసా తిరిగి తేలేదు. ఉన్నది పోయే వేగం తగ్గుతుందంతే.

దేవుడి విషయం కూడా చెప్పాలి. ఒకాయన డాష్‌బోర్డు మీద వినాయకుణ్ని క్విక్ గమ్‌తో అంటించాడు. నాలుగేళ్ల తర్వాత స్వామిని మార్చాలనుకుని లాగితే పీఠంతో పాటు రూపాయి బిళ్లంత తోలు గుండ్రంగా ఊడొచ్చింది, కింద పసుప్పచ్చ స్పాంజి బయటపడింది. నా దగ్గరికి వచ్చి, దేవుడికి కోపం వచ్చిందేమో అన్నాడు. గమ్‌కి వచ్చిందన్నాను. విగ్రహం కింద రబ్బరు పట్టా వేసుకో, అంటించకు. సెంటు సీసాలు కూడా అంతే. ఒక చుక్క కారితే ప్లాస్టిక్ జిగటగా కరిగిపోతుంది.

ఇక రిపేరు. ఉదయం నీడలో మొదలుపెట్టు. స్పీడోమీటరు మీది పగులు సన్నదే కాబట్టి ముందు దాని మీద చేయి అలవాటు చేసుకో. పగులు చివర ఎక్కడ ఆగిందో లైటు పక్కవాటుగా వేసి చూసి, అక్కడ 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టుతో చేత్తోనే చిన్న రంధ్రం చెయ్యి. అంటే దారికి అడ్డంగా గొయ్యి తవ్వినట్టు. పగులు ఆ గుండ్రటి రంధ్రం దగ్గర ఆగుతుంది, లేకపోతే నువ్వు పూడుస్తుంటే అది ముందుకు పోతూనే ఉంటుంది. లేచిన అంచుల్ని కొత్త బ్లేడుతో కోసెయ్యి. నొక్కి అంటిద్దామని ఆశపడకు, అవి పడుకోవు. కోత లోపలికి ఏటవాలుగా ఉండాలి. మెడికల్ షాపు స్పిరిట్‌తో ఒకసారి తుడువు, థిన్నర్ వద్దు.

టింకరింగ్ షాపులో బాడీకి పెట్టే పుట్టీ పెట్టించుకోకు. చాలామంది చేసే తప్పు ఇదే. అది రాయిలా గట్టిపడుతుంది, చుట్టూ ఉన్నది మెత్తనిది. మొదటి ఎండకే అంచు వెంట మళ్లీ గీత పడుతుంది. బంపర్లకు వాడే, ఆరాక కూడా వంగే, రెండు ట్యూబులు కలిపి పగులు పూడ్చే ఫిల్లర్ అడుగు. ఒకేసారి నింపకుండా రెండు మూడు పొరలుగా వెయ్యి. ఆరాక 180 నంబరు ఎమెరీ కాగితంతో, తర్వాత 320తో రుద్దు.

ఇప్పుడు అసలు కిటుకు. నున్నగా పూడ్చిన చోటు గరుకు తోలు మధ్యలో మచ్చలా కనిపిస్తుంది. డాష్‌బోర్డులో బాగున్న మూల చూసి, దాని మీద సబ్బునీళ్లు పలచగా రాసి, అద్దాలు అతికించడానికి వాడే సిలికోన్ పేస్టు అరచేయంత పరిచి మర్నాడు ఒలుచు. ఆ గీతలన్నీ ముద్రలా దిగి వస్తాయి. రుద్దిన చోట ఫిల్లర్ చివరి పొర పలచగా వేసి, అది గట్టిపడకముందే ఆ ముద్రను దాని మీద నొక్కి ఉంచు. తర్వాత వినైల్‌కి వాడే, మెరుపులేని మ్యాట్ రంగు స్ప్రే రెండు పలచటి కోట్లు కొట్టు. దగ్గరికి వంగి చూస్తే తెలుస్తుంది, సీట్లో కూర్చుంటే తెలియదు. మొదటిసారి నాక్కూడా సరిగ్గా రాలేదులే.

మారుతి కొన్న మీ ఫ్రెండు కూడా అడిగాడన్నావు. అతనిది గట్టి ప్లాస్టిక్ కాబట్టి ఈ పద్ధతి వద్దు. వెనకవైపు పీపీ అనో, ఏబీఎస్ అనో ప్లాస్టిక్ రకం పేరు అచ్చు ఉందేమో చూడమను. లేకపోతే విరిగిన ముక్కను గ్లాసు నీళ్లలో వేయమను. తేలితే పీపీ అనుకోవచ్చు, దానికి మామూలు గమ్ములేవీ పట్టవు, వెనక నుంచి సన్నటి స్టీలు జాలీ పెట్టి సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి అతికించాలి. మునిగితే మాత్రం తేల్చి చెప్పలేం.

నాలుగో పగులు, ఎడమ చివరది. దాన్ని వేలితో మెల్లగా నొక్కు. కరకరమని లోపల పొడి రాలుతుంటే స్పాంజి చచ్చిపోయినట్టే. ఫిల్లర్ పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఆ భాగానికి రెక్సినే దారి, అందుకు డాష్‌బోర్డు ఊడదీయక తప్పదు. ఆ పని ఇప్పుడే పెట్టుకోకు. ముప్పై ఏళ్ల క్లిప్పులు బిస్కెట్లలా విరుగుతాయి, దొరకవు. తీయాల్సి వచ్చినప్పుడు ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, క్లిప్పుల దగ్గర హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి లాగాలి. స్క్రూలు మీ అమ్మ పాత ఇడ్లీ రేకుల్లో వరస ప్రకారం పెట్టుకో, నేనెప్పుడూ అలాగే చేసేవాణ్ని. రెక్సిన్ అతికించడానికి మామూలు గమ్ సొల్యూషన్ వాడనివ్వకు, ఎండకు జారి బుడగలొస్తాయి. వేడి తట్టుకునే రకం అడుగు.

అప్పటిదాకా మీద పరిచే కార్పెట్ మ్యాట్ చేద్దాం. నల్లదో ముదురు బూడిదరంగుదో, లేత రంగైతే అద్దంలో మెరుస్తుంది. మీ నాన్న కొత్త కారుకి కూడా కావాలంటారేమో, అందులో ఎడమ పక్క ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, దాని మూత మీద ఏదీ పరచకూడదని చెప్పు.

ఆదివారం పాత న్యూస్‌పేపర్లు నాలుగు టేపుతో అతికించి డాష్‌బోర్డు మీద పరిచి, అంచులు, జాలీలు పెన్సిల్‌తో గీసి కత్తిరించు. కుడి ఎడమలు రాయడం మర్చిపోకు. మడతపెట్టి అక్కతో పంపు, ఎలాగూ పదిహేనో తారీఖు పెళ్లికి వస్తోంది. కుట్టుమిషను ఇంకా అమ్మలేదు.

ఇట్లు,
మీ మామయ్య