కొడుకు చర్చికి రానంటాడు, ఆయన ఇంటికి రావద్దంటాడు

ప్రశ్న: మేడమ్, మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మూడు తరాల నుంచి విశ్వాసులం, మా ఆయన సంఘ పెద్ద. పెద్దోడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. రెండేళ్ల కింద వాడి ఫ్రెండు ఒకడు కామెర్లతో పోయినాడు, భూస్థాపన రోజు ఎవరో ఏదో అన్నారంట. ఇప్పుడు చర్చికి రాను, మతం జనాన్ని విడగొట్టేదానికే పనికొస్తాది అంటాడు. నేను పుట్టింది మిషనరీలు కట్టిన క్యాంబెల్ ఆసుపత్రిలో, వాళ్లు రాకుంటే మనకు చదువు యాడిది అంటే, ఆసుపత్రి బాగుంటే డాక్టరుకు దండం పెట్టు అంటాడు. అనంతపురంలో పేదోళ్లకు అంత సేవ చేసిన ఫెర్రర్ గారిని చూడరా అంటే, ఆయన కూడా పాదర్ల సభ వదిలేసినోడే కదమ్మా అంటాడు. సంఘం వాట్సాప్ గ్రూపులో వాడి కోసం ప్రేయర్ రిక్వెస్ట్ పెడితే దానికీ కోపమే. చర్చికొచ్చేట్టయితేనే క్రిస్మస్‌కి ఇంటికి రా అనేసినాడు మా ఆయన. నేనెవరి పక్క నిలబడాల?

జవాబు: అమ్మా, నేను చర్చికి పోయే మనిషిని కాను, ఆ మాట ముందే చెప్పేస్తా, తర్వాత తెలిసి బాధపడొద్దు.

మీరూ మీవాడూ వాదించుకునేది మతం వల్ల సమాజానికి లాభమా నష్టమా అని. ఇది తెగేది కాదు. మీరు ఆసుపత్రి చూపిస్తే వాడు ఏదో ఒక ఊరి గొడవ చూపిస్తాడు, మీరు అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి మొహర్రం పీర్లకు హిందువులు మొక్కుకునేది, ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చేది చెప్తారు, దానికి వాడు మరి మన సంఘం ఎలక్షన్లో మాల మాదిగ లెక్కలు ఎందుకమ్మా అంటాడు. అన్నీ నిజాలే. ఫెర్రర్ గారిని కూడా చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నారు, ఆయన జెస్యూట్ అనే క్యాథలిక్ పాదర్ల సభ నుంచి వచ్చినోడే, సభ వదిలేసినోడే, 1969లో అనంతపురం వచ్చి పోయేదాకా ఈడనే పని చేసినోడే, ఆయన సంస్థ పెట్టిన బత్తలపల్లి ఆసుపత్రిలో చూపించుకునేదానికి ఎవురూ బాప్తిస్మం సర్టిఫికెట్ చూపియ్యాల్సిన పని లేదు. ఆయన్ని బట్టి మీరూ గెలవలేరు వాడూ గెలవలేడు.

ఒకటి అడుగుతా, మీరు ప్రభువును నమ్మింది ఆసుపత్రి కట్టినందుకా? పిల్లోనికి జ్వరమొచ్చి రాత్రంతా మోకాళ్ల మీద ఉన్నప్పుడు మీకు మిషనరీల చరిత్ర గుర్తొచ్చిందా? రాలేదు కదా. మరి ఆ రాత్రి సంగతి, అప్పుడు మీకు లోపల ఏమైందనేది వాడికి ఎప్పుడన్నా చెప్పినారా, సంఘంలో సాక్ష్యం చెప్పినట్టు కాదు, వంటింట్లో కూచుని చెప్పినట్టు? చెప్పిండరు. వాడికి మీ దగ్గర నుంచి వచ్చేదంతా మతం గొప్పదనం, మీ విశ్వాసం వాడు చూసిందే లేదు. చెప్పినా వాడు నమ్ముతాడని గ్యారంటీ ఏం లేదు, కానీ కనీసం వాడు వాదించలేడు.

ఇంగ అసలు సంగతి. మీరు అరముక్కలో చెప్పి దాటేసినారు చూడండి, భూస్థాపన రోజు ఎవరో ఏదో అన్నారంట అని, నాకైతే మొత్తం ఉత్తరంలో ముఖ్యమైంది అదే అనిపిస్తాంది. ఏమని ఉంటారు, ప్రార్థన చాలలేదనో, ఇంట్లో ఏదో పాపం ఉందనో, మన దగ్గర అనేవి అవే కదా. ఇరవై నాలుగేళ్ల పిల్లోడు ఫ్రెండును మట్టిలో పెట్టి చేతులు కడుక్కోకముందే ఆ మాట వింటే వాడికి దేవుడి మీద కోపం రాదా, అట్లంటి మాటలు చెప్పే మతం ఎవురికి మంచి చేస్తాదని అడగడా? మీ బైబిల్లోనే యోహాను తొమ్మిదో అధ్యాయం ఉంది కదమ్మా, పుట్టుగుడ్డిని చూసి శిష్యులు వీడి పాపమా వీళ్ల అమ్మానాయనల పాపమా అని అడిగితే ఎవురిదీ కాదంటాడు యేసు. మీవాడు ఆ రోజు కోపం తెచ్చుకున్నది కూడా ఆ మాట మీదే కదా. ఇది మీరు వాడికి చెప్పి తిరిగి చర్చికి లాగేదానికి వాడొద్దు మళ్లీ, మీరు తెలుసుకుంటే చాలు.

ప్రేయర్ రిక్వెస్ట్ ఈ పొద్దే తీసేయమని చెప్పండి. వాడి పరువు పోయింది ఆడ, మీకు ప్రార్థనే కానీ గ్రూపులో నూటాయాభై మందికి అది కబురు. ప్రార్థన చేసుకోండి, ఎవురొద్దన్నారు, తలుపేసుకుని చేసుకోండి.

మీ ఆయనది వేరే బాధ. సంఘ పెద్ద కొడుకు చర్చిలో ప్రభువు బల్లకు, అదే రొట్టె తీసుకునేదానికి, రాకుంటే నలుగురూ అడుగుతారు, అది తలవంపులుగా ఉంది ఆయనకు, అది అబద్ధం కాదు. కానీ చర్చికి రావడం వేరే, ఇంటికి రావడం వేరే, రెంటినీ ముడేస్తే రెండూ పోతాయి. ఆయనతో పోట్లాడొద్దు, ఒక్కటే చెప్పండి, పొద్దున ఆరాధనకు మనం పోదాం, వాడు ఇంట్లో పడుకోనీ, మధ్యాన్నం బిర్యానీకి అందరం కూచుందాం అని. ఆయన ఒప్పుకోకుంటే వాడికి ఫోన్ చేసి రమ్మనేది మీరే చేయండి, ఇల్లు మీది కూడా. ఎవరి పక్క నిలబడాల అని అడిగినారు కదా, ఈ ఒక్క విషయంలో కొడుకు పక్కే.

ఇంకోటి, ఆ చనిపోయిన పిల్లోని అమ్మ మీ ఊర్లోనే ఉంటే, ఈ రెండేళ్లలో మీరు వాళ్లింటికి పోయినారా? పోకుంటే బెంగళూరుకు ఫోన్ చేసేకంటే ముందు ఆడికి పోయి రండి, చేతిలో బైబిల్ లేకుండా.