కప్పు ఉన్న ప్యాటియోకు ఏ హీటర్ తీసుకోవాలి: డాలస్‌లో మా మూడు చలికాలాల అనుభవం

డాలస్ ఉత్తర శివారులో కొత్తగా ఇల్లు కొన్నామని, వెనుక వైపు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉన్న ప్యాటియోకు (ఆరుబయట కూర్చునే గచ్చుకు) 9 అడుగుల ఎత్తులో కప్పు ఉందని, డిసెంబరులో గుంటూరు నుంచి వస్తున్న అమ్మానాన్నలు సాయంత్రాలు అక్కడ కూర్చోవడానికి గ్యాస్ హీటర్ కొనాలో కరెంటు హీటర్ కొనాలో తేల్చుకోలేకపోతున్నామని రాశారు. గ్యాస్ సిలిండరును గరాజ్‌లో ఉంచవచ్చా అని కూడా అడిగారు. మా ఇల్లూ ఆ ప్రాంతంలోనే ఉంది, మా ప్యాటియో కొలతలూ ఇంచుమించు అవే. మూడు చలికాలాల్లో మూడు రకాల హీటర్లు వాడి చూశాము కనుక నా అభిప్రాయం స్పష్టంగానే చెప్పగలను. పుట్టగొడుగు ఆకారంలో నిలబడి ఉండే గ్యాస్ హీటర్ మీ ప్యాటియోకు వద్దు. కప్పుకు గాని గోడకు గాని బిగించే, కిరణాలతో మనిషిని సూటిగా వెచ్చబరిచే ఇన్‌ఫ్రారెడ్ కరెంటు హీటర్ తీసుకోండి.

పెట్టె మీద రాసిన బి.టి.యు. (వేడిని కొలిచే ప్రమాణం) అంకె ఎంత పెద్దదైతే హీటర్ అంత మంచిదని అనుకోవడం సహజం, మొదటిసారి నేనూ ఆ అంకె చూసే కొన్నాను. అయితే ఆరుబయట గాలిని వేడిచేసి నిలిపి ఉంచడం ఏ హీటరుకూ సాధ్యం కాదు, ఎందుకంటే వేడెక్కిన గాలి తేలికై పైకి పోతూ ఉంటే ఆ చోటులోకి చల్లగాలి వస్తూనే ఉంటుంది. భోగి మంట దగ్గర నిలుచున్నప్పుడు ముఖం చురుక్కుమంటూ ఉన్నా వీపు మాత్రం వణుకుతూనే ఉంటుంది; ఎవరైనా మనకూ మంటకూ మధ్యకు వస్తే ఆ వెచ్చదనం ఆ క్షణంలోనే పోతుంది. అక్కడ మనల్ని వెచ్చబరిచేది మంట నుంచి సూటిగా వచ్చి ఒంటిని తాకే కిరణాలే గాని చుట్టూ ఉన్న గాలి కాదు. ప్యాటియో హీటర్ చేసే పనీ అదే. కాబట్టి కొనే ముందు చూసుకోవలసింది మీవాళ్ళు ఏ కుర్చీలో కూర్చుంటారు, ఆ కుర్చీకి హీటర్ ఎంత దూరంలో ఉంటుంది, గాలి ఏ దిక్కు నుంచి కొడుతుంది అన్నవే.

మొదటి ఏడాది మేము కొన్నది 46,000 బి.టి.యు. ప్రొపేన్ హీటర్. కరెంటు లెక్కలో అది దాదాపు పదమూడున్నర కిలోవాట్లు, అంటే కాగితం మీద చాలా పెద్ద శక్తి. దాని ఎత్తు ఏడున్నర అడుగులు; పైన, పక్కల ఎంత ఖాళీ ఉండాలో చెప్పే పేజీని ఇంటికి తెచ్చాక చదివితే, 9 అడుగుల కప్పు కింద దాన్ని వెలిగించకూడదని అర్థమైంది. అందువల్ల కప్పు అంచు దాటించి గచ్చు చివర నిలబెట్టవలసి వచ్చింది. అక్కడి నుంచి మా కుర్చీల దాకా వచ్చే వేడి తక్కువ, ఉత్తరపు గాలి వీచే రోజుల్లో అదీ లేదు. ఒక సాయంత్రం చలిగాలి మొదలై మంట రెండు మూడు సార్లు ఆరిపోయింది. మంట ఆరగానే గ్యాసును ఆపే థర్మోకపుల్, హీటర్ ఒరిగితే ఆపే టిల్ట్ స్విచ్ రెండూ ఉన్నందువల్ల ప్రమాదం జరగలేదు గాని, అవి లేని హీటరును ఎంత చవకగా వచ్చినా కొనకూడదని ఆ రోజు నిశ్చయించుకున్నాను.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. 20 పౌండ్ల సిలిండరులో సుమారు 4,30,000 బి.టి.యు.ల శక్తి ఉంటుంది కనుక పూర్తి మంట మీద తొమ్మిది గంటలకు పైగా రావాలి. కాని ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకునే చోట చాలాసార్లు 15 పౌండ్లే నింపుతారు, అది ఏడు గంటలకు అయిపోతుంది. మేము ఒక్కో సిలిండరుకు ఇచ్చింది సుమారు 22 డాలర్లు, అంటే గంటకు మూడు డాలర్లు పడింది. పైగా చాలాసార్లు చుట్టాలు వచ్చి కూర్చున్న వేళకే అయిపోయేది.

రెండో ఏడాది మామూలు ప్లగ్గుకు పెట్టుకునే 1,500 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ హీటర్లు రెండు తెచ్చాము. ఒకటి వెలిగిస్తే బాగానే ఉండేది. గ్యాస్ హీటరుతో పోలిస్తే దాని శక్తి తొమ్మిదో వంతే అయినా, ఐదడుగుల దూరం నుంచి మనిషి మీదికి తిప్పి పెడితే వెచ్చదనం స్పష్టంగా తెలిసింది. రెండోది వెలిగించగానే బ్రేకర్ పడిపోయి కరెంటు ఆగిపోయేది. 120 వోల్టుల మీద ఒక్కో హీటర్ పన్నెండున్నర యాంపియర్లు లాగుతుంది, ప్యాటియో మీది ప్లగ్గులన్నీ 20 యాంపియర్ల ఒకే సర్క్యూట్ మీద ఉన్నాయి, కాబట్టి అది పడక తప్పదు. రెండో హీటర్ కోసం వంటింట్లో నుంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగాను, అరగంట తరువాత ముట్టుకుంటే ఆ తీగ వేడిగా తగిలింది. వెంటనే తీసేశాను; మీరు మాత్రం ఆ ప్రయత్నమే చేయవద్దు, హీటర్ తీగను నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి.

మూడో ఏడాది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, నగరపాలక సంస్థ అనుమతి తీసుకుని, 240 వోల్టుల మీద పనిచేసే 3,000 వాట్ల హీటర్లు రెండు పెట్టించాము. వీటికి ఒక్కోదానికి విడిగా 20 యాంపియర్ల బ్రేకర్ సరిపోయింది. 4,000 వాట్లవి తీసుకుంటే ఇంకా పెద్ద బ్రేకరు, లావు తీగ కావాలి. మా కరెంటు ప్యానెల్ ఇంటికి అవతలి వైపున ఉండడం వల్ల తీగ లాగిన ఖర్చు హీటర్ల ధరను మించిపోయింది. కనుక హీటర్ ఆర్డర్ పెట్టకముందే మీ ప్యానెల్ ఎక్కడుందో, అందులో ఖాళీ చోటు ఉందో లేదో చూపించుకోండి. వాడకం ఖర్చు మాత్రం తేలికే. మాకు యూనిట్ 15 సెంట్లు పడుతోంది, రెండూ వెలిగిస్తే గంటకు 90 సెంట్లు, పెద్దవాళ్ళిద్దరే కూర్చున్నప్పుడు ఒకటి వెలిగిస్తే 45 సెంట్లు.

బిగించే చోటు విషయంలో ఒకటి గట్టిగా చెబుతాను. ఎలక్ట్రీషియన్ రెండింటినీ కప్పు మధ్యలో పక్కపక్కన పెడతానన్నాడు, చూడడానికి అందంగా ఉంటుందని. నేను భోగి మంటను తలచుకుని, ఒకటి కుర్చీలకు ఎదుట, ఒకటి వెనుక, రెండూ కుర్చీల వైపు వంచి పెట్టమన్నాను. వీపుకూ వేడి తగలడం వల్ల మా అత్తగారు శాలువా తీసి పక్కన పెట్టి రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోగలిగారు. ఆ తరువాత ఉత్తరం వైపున హీటరుకు దూరంగా, పైకి చుట్టుకునే పారదర్శకమైన తెర ఒకటి వేయించాము. మన ప్రాంతంలో అసలు చలి ఉత్తరపు గాలితోనే దిగుతుంది కాబట్టి ఆ తెర వల్ల కలిగిన సుఖం రెండో హీటర్ వల్ల కలిగిన దానికంటే తక్కువేమీ కాదు. కరెంటు హీటర్ కనుకనే ఇలా ఒక పక్క మూయగలిగాము. గ్యాస్ హీటర్ వెలిగే చోట తెరలు కట్టడం మంచిది కాదు.

ఇన్‌ఫ్రారెడ్‌లోనూ తేడాలున్నాయి. ఎర్రగా వెలిగేవి స్విచ్ వేసిన క్షణంలోనే వేడినిస్తాయి, గాలి ఉన్నా వాటి వేడి అంతగా తగ్గదు. వెలుగు లేకుండా నల్లగా ఉండే పలకలు కంటికి హాయిగా ఉన్నా వేడెక్కడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, గాలికి వాటి వేడి ఎక్కువగా చెదిరిపోతుంది. మూడు వైపులా తెరిచి ఉన్న ప్యాటియోకు ఎర్రగా వెలిగేవే తగినవి. వాన జల్లు పడే అంచున పెట్టేటట్లయితే నీటిని, దుమ్మును ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే ఐ.పి. అంకె 55 గాని, అంతకంటే పై స్థాయి గాని ఉన్నది చూడండి. ప్యాటియో ఫ్యాన్ రెక్కలు హీటర్ ఎదుటికి రాకూడదు. కప్పుకు వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) పలకలు ఉంటే అవి వేడికి మెత్తబడి వంగిపోతాయి, కాబట్టి తయారీదారు చెప్పిన ఖాళీని అంగుళం కూడా తగ్గించనివ్వకండి.

మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే, వేడి ఎక్కువైన సంగతి వారికి తెలియకపోవచ్చు. కాళ్ళకు దగ్గరగా నేల మీద పెట్టే హీటర్ అటువంటి వారికి పనికిరాదు. చీర కొంగు, సింథటిక్ శాలువా, పరుగులు తీసే మనవలు, వీటన్నిటికీ అందకుండా పైన ఉండడమే కప్పు హీటరులో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

గ్యాస్ హీటర్ ఎవరికీ పనికిరాదని నేను అనడం లేదు. కప్పు లేని పెరట్లో పదిహేను మంది నిలబడి మాట్లాడుకునే వేడుకకు, కరెంటు తీగ అందని చోటికి అదే సరైనది. ఇంటికి సహజ వాయువు గొట్టం ఉన్నవారు దాన్ని ప్యాటియో దాకా పొడిగించి గ్యాస్ హీటరును శాశ్వతంగా బిగించుకోవచ్చు, సిలిండర్ మోసే పని తప్పుతుంది. అయితే కప్పు ఎత్తు నియమం దానికీ ఉంటుంది.

ఇక గరాజ్ సంగతి. సిలిండరును గరాజ్‌లో ఉంచకండి, చలి ఎంత ఎక్కువైనా గ్యాస్ హీటరును గరాజ్‌లోకి గాని ఇంట్లోకి గాని తెచ్చి వెలిగించకండి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి లక్షలాది ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, గ్రిల్లులను లోపలికి తెచ్చుకున్నవారు, గరాజ్‌లో కారు ఇంజను నడిపినవారు ఎందరో కార్బన్ మోనాక్సైడ్ వల్ల ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. మన్యంలోనూ ఆదిలాబాద్ వైపునా తలుపులు మూసి గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దని పెద్దలు చెప్పేది దీని గురించే. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. గ్రిల్ కోసమైనా సిలిండర్ మీ ఇంట్లో ఉండే పక్షంలో, బయట నీడలో, కిటికీలకూ బట్టల డ్రయ్యర్ గొట్టానికీ ఏసీ యంత్రానికీ దూరంగా, నిటారుగా నిలబెట్టి, వాల్వ్ పూర్తిగా కట్టి ఉంచండి. ఖాళీ అయిన సిలిండరులోనూ కొద్దిగా గ్యాస్ మిగిలే ఉంటుంది కాబట్టి, మార్చుకునే రోజు దాకా దాన్నీ బయటే ఉంచండి.